తెడ్డు పలకకు చిన్న దెబ్బ

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతములో, కర్ణాటక మహారాష్ట్ర సరిహద్దులకు చేరువగా కంగ్టి గ్రామము ఉన్నది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీరా నది బీదరు జిల్లా దాటి ఈ ప్రాంతపు అంచులను తాకుచు ప్రవహించును. సింగూరు జలాశయమును, 1931లో పూర్తియైన నిజాంసాగరమును నింపి కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఈ నీళ్ళలో చేపలు పట్టువారికి పుట్టి ముఖ్యమైన సాధనము. వెదురు బద్దలను గంపవలె అల్లి, పైన ప్లాస్టిక్ గుడ్డ చుట్టి, తారు పూసిన గుండ్రని నావయే పుట్టి. పూర్వము ప్లాస్టిక్ గుడ్డకు బదులు పశువుల తోలు వాడెడివారు.

పుట్టి అడుగు రాతికి తగిలి చిరిగినప్పుడు దానిని బాగుచేయు పద్ధతి అందరికి తెలిసినదే. నావను ఒడ్డున బోర్లించి ఎండబెట్టుదురు. చిరుగు చుట్టు ఉన్న మట్టిని, పెచ్చులూడిన తారును గీకివేయుదురు. తరువాత చిరుగుకంటె పెద్దదైన గుడ్డముక్కను వేడి తారుతో అతికింతురు. ఎండబెట్టుట, గీకుట, పెద్ద అతుకు వేయుట — నీటిపై తేలు ఏ వాహనమునకైనను చేయు మరమ్మతు శాస్త్రమునకు ఈ మూడు పనులే పునాది. అయితే పదార్థము మారినప్పుడు ఈ మూడింటికి నాలుగవది ఒకటి చేరును. అది పదార్థముల స్వభావమును తెలిసికొనుట. అది తెలియక చేసిన మరమ్మతు గాయముకంటె ఎక్కువ చేటు చేయగలదు. ఇటీవలి కాలమున ప్రచారములోనికి వచ్చిన 'స్టాండప్ పాడిల్‌బోర్డు', అనగా నిలువబడి తెడ్డు వేయు పలక, ఇందులకు మంచి ఉదాహరణము.

తెడ్డు పలక

నీటిపై నిలువబడి తెడ్డు వేయుట తెలుగువారికి క్రొత్త కాదు. తూర్పు తీరపు జాలరులు దుంగలను త్రాళ్ళతో బిగించి తెప్పగా చేసి, దానిపై అలలను దాటి సముద్రములోనికి పోయెడివారు. ఇటువంటి తెప్పకు తమిళములో ఉన్న 'కట్టుమరం' అను పేరే ఇంగ్లీషులో 'కాటమరాన్' అయినది. తెలంగాణములోని చెరువులలో థర్మోకోల్ దిమ్మలను కట్టి తెప్పగా వాడువారును ఉన్నారు. నేటి తెడ్డు పలక హవాయి దీవులలో రూపొంది, 2000 సంవత్సరము తరువాత ప్రపంచమంతట వ్యాపించిన క్రీడాసాధనము. తెప్పకు దీనికి తేలు సూత్రము ఒక్కటే. నిర్మాణము మాత్రము వేరు.

గట్టి పలకలలో అనేకము మూడు పొరలుగా ఉండును. నడుమ థర్మోకోల్, అనగా ఉబ్బించిన పాలిస్టైరీన్ నురుగు. దానికి పైన, క్రింద గాజు నారలతో నేసిన గుడ్డను ఎపాక్సీ అను రెజిన్‌తో తడిపి అతికించిన గట్టి చర్మము. ఆ చర్మముపై రంగు. చర్మము మందము చాలచోట్ల 1 లేక 2 మిల్లీమీటర్లకు మించదు.

ఇంత పలుచని చర్మము మనిషి బరువును ఎట్లు మోయుచున్నదను ప్రశ్న విద్యార్థులకు కలుగవచ్చును. పలక నడుమ మనిషి నిలిచినప్పుడు పలక కొంచెము క్రిందికి వంగుటకు ప్రయత్నించును. అప్పుడు పై చర్మము నొక్కబడును, క్రింది చర్మము సాగదీయబడును. నడుమనున్న నురుగు ఈ రెండు చర్మములను ఎడముగా నిలిపి, రెండింటిని ఒకటిగా పనిచేయించును. అట్టపెట్టెలో రెండు పలుచని కాగితముల నడుమ మడతల కాగితము చేయు పని ఇదియే. కాగితములు ఊడిపోయిన అట్ట ఎట్లు మెత్తబడునో, చర్మము నురుగునుండి విడిపోయిన పలకయు అట్లే బలము కోల్పోవును. కావున పలక బలము చర్మములో ఎంత ఉన్నదో చర్మమునకు నురుగునకు గల అతుకులో అంత ఉన్నది.

ఇక తేలుట మాట. 200 లీటర్ల ఘనపరిమాణము, 12 కిలోల బరువు గల పలకపై 65 కిలోల మనిషి నిలిచెననుకొందము. మొత్తము 77 కిలోలు. ఆర్కిమిడీస్ సూత్రము ప్రకారము ఇది 77 లీటర్ల నీటిని తొలగించును. అనగా పలకలో ఇంచుమించు 38 శాతము మాత్రమే మునుగును. పలకలోనికి 5 లీటర్ల నీరు చేరినను మునుగు భాగము 82 లీటర్లే. ఇంకను చాలభాగము పైననే ఉండును. ఇందులోనే మోసమున్నది. రంధ్రము పడిన పుట్టిలో నీరు కంటికి కనబడును. వెంటనే ఒడ్డుకు చేరుదురు. రంధ్రము పడిన పలక మాత్రము ఏమియు జరుగనట్లే తేలుచుండును. లోపల మాత్రము చెడుట మొదలగును.

చిన్న రంధ్రము చేయు పని

థర్మోకోల్ పూసలు ఒక్కొక్కటి మూసిన గదుల సముదాయము. వానిలో నూటికి 95 పాళ్ళకు పైగా గాలియే. పూసలలోనికి నీరు సులభముగా పోదు. కాని పూసకు పూసకు మధ్య సన్నని సందులు ఉండును. చర్మములో రంధ్రము పడినచో నీరు ఆ సందుల వెంట ప్రాకును.

వేడిమి ఈ పనికి తోడగును. ఎండలో ఉంచిన పలక లోపలి గాలి వ్యాకోచించి రంధ్రముగుండ కొంత బయటికి పోవును. వేడిగా ఉన్న ఆ పలకను చల్లని నీటిలో దింపినప్పుడు లోపలి గాలి సంకోచించును. అప్పుడు రంధ్రము పిచికారివలె నీటిని లోపలికి పీల్చుకొనును. ఈ విధముగా ప్రతిదినము పలక శ్వాసించుచు, ప్రతి శ్వాసకు కొంత నీటిని త్రాగును. గుండుసూది మొనంత రంధ్రమునుండి అంత నీరు ఎట్లు చేరినదని ఆశ్చర్యపడువారికి సమాధానమిదియే.

రంధ్రము లేని పలకకును ఎండ శత్రువే. గాలి తప్పించుకొను దారి లేనప్పుడు 27 డిగ్రీల సెల్సియస్‌నుండి 57 డిగ్రీలకు వేడెక్కిన పలకలో పరమ ఉష్ణోగ్రత 300నుండి 330కి పెరుగును. పీడనము నూటికి 10 వంతులు హెచ్చును. వాతావరణ పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో బరువుతో సమానము గనుక, ఈ హెచ్చు చదరపు సెంటీమీటరుకు 100 గ్రాములు. 2 చదరపు మీటర్ల పై చర్మముపై అది 2 టన్నుల బలము అగును. అందుచేతనే చాల పలకలకు గాలి పోవుటకు చిన్న మర అమర్చుదురు. లోపల తడి ఉన్నచో పరిస్థితి మరింత విషమించును. 27 డిగ్రీల వద్ద నీటి ఆవిరి పీడనము 27 మిల్లీమీటర్ల పాదరసము కాగా, 57 డిగ్రీల వద్ద అది సుమారు 130 మిల్లీమీటర్లు. తడి పలకను మూసి ఎండలో పెట్టినచో ఆ ఆవిరి చర్మమును నురుగునుండి విడదీయ గలదు. తడి ఆరకముందే గాయమును మూయరాదనుటకు కారణమిది.

దెబ్బను గుర్తించుట

గోటితో పోవు దానికి గొడ్డలి ఎందుకని సామెత. మరమ్మతు గోటితో పోవు దశలోనే చేయవలెను. పలకను శుభ్రముగా కడిగి తుడిచి, వెలుతురులో ఏటవాలుగా చూచినచో దెబ్బలు కనబడును. అవి నాలుగు విధములు.

మొదటిది రంగుపై గీత. గోరుతో తడవినప్పుడు గోరు తగులుకొనదు. దీనివలన నీరు లోపలికి పోదు. రెండవది చర్మములోనికి దిగిన పగులు. సాలెగూడువలె సన్నని గీతలు వ్యాపించి ఉండును. మూడవది చర్మము చిల్లిపడి నురుగు కనబడుట, లేదా వ్రేలితో నొక్కినప్పుడు ఆ చోటు లోపలికి మెత్తగా పోవుట. నాలుగవది చర్మము విడిపోవుట. పలకపై నాణెముతో మెల్లగా తట్టుచు పోయినచో మంచి చోట గట్టి శబ్దము, విడిపోయిన చోట డొల్ల శబ్దము వినవచ్చును. కుండను కొనునప్పుడు తట్టి చూచుట వంటిదే ఇది.

మొదటి మూడును, అరచేతికంటె చిన్నవైనచో, జాగ్రత్తగల వారు స్వయముగా బాగుచేయవచ్చును. నాలుగవదానిని, విరిగిన పలకను అనుభవముగల పనివానికి అప్పగించుట మంచిది.

పగులునుండి నీరు పోవుచున్నదో లేదో సందేహమైనచో ఒక పరీక్ష ఉన్నది. నీడలో చల్లగా ఉన్న పలకపై సబ్బునీరు పూసి, కొద్దిసేపు లేత ఎండలో ఉంచవలెను. లోపలి గాలి వ్యాకోచించి పగులునుండి బుడగలు పుట్టించును. సైకిలు ట్యూబు పంక్చరు వెదకు పద్ధతి వంటిదే ఇది. అక్కడ పంపు చేయు పనిని ఇక్కడ సూర్యుడు చేయును.

ఆరబెట్టుట

నీటిలో ఉండగా దెబ్బ తగిలినచో వెంటనే ఒడ్డుకు చేరి, ఆ చోటును తుడిచి టేపు అంటించవలెను. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. ఇంటికి చేరిన తరువాత టేపు తీసి, రంధ్రము క్రిందివైపు ఉండునట్లు పలకను నీడలో, గాలి వీచు చోట నిలుపవలెను. మంట, వేడిగాలి యంత్రము దగ్గరకు తేరాదు. పాలిస్టైరీన్ 100 డిగ్రీల లోపలనే మెత్తబడి కుంచించుకొనిపోవును.

ఎన్ని దినములు ఆరబెట్టవలెను? దీనికి ఊహతో పనిలేదు, తూకము చెప్పును. పలకను ప్రతిదినము ఒకే వేళకు ఎలక్ట్రానిక్ కాటాపై తూచి బరువు వ్రాసికొనవలెను. నీరు ఆవిరియగుచున్నంత కాలము బరువు తగ్గుచుండును. వరుసగా మూడు దినములు బరువు మారనిచో పలక ఆరినదని చెప్పవచ్చును. రంధ్రముపై పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితము నాలుగు వైపుల అంటించి లేత ఎండలో కొంతసేపు ఉంచుట మరియొక పరీక్ష. కాగితము లోపలివైపు చెమ్మ పట్టినచో తడి ఇంకను ఉన్నదన్నమాట.

ఏ రెజిన్ వాడవలెను?

మరమ్మతులో అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయమిది. గాజు గుడ్డతో వాడు రెజిన్లు ప్రధానముగా రెండు: పాలియెస్టర్, ఎపాక్సీ. ఫైబర్ పడవలు, నీటి తొట్లు, కప్పు రేకులు చేయువారు సాధారణముగా పాలియెస్టర్ వాడుదురు. అది చౌక, త్వరగా గట్టిపడును. గట్టిపడిన తరువాత రెండును చూచుటకు ఒకేవిధముగా ఉండును. కావున ఫైబర్ పడవలు చక్కగా బాగుచేయు పనివాడు కూడ, తెడ్డు పలక చేతికి వచ్చినప్పుడు, అలవాటు ప్రకారము పాలియెస్టర్ డబ్బా తీయవచ్చును. అక్కడనే చిక్కు వచ్చును.

పాలియెస్టర్ రెజిన్‌ను పలుచగా ఉంచుటకు అందులో స్టైరీన్ అను ద్రవమును కలుపుదురు. పలక నడుమ ఉన్నది పాలిస్టైరీన్. అనగా స్టైరీన్ అణువులే వేలకొలది గొలుసుగా చేరి ఏర్పడిన పదార్థము. ఒకే జాతివి ఒకదానిలో ఒకటి కరుగునను రసాయనశాస్త్ర నియమము ప్రకారము స్టైరీన్ పాలిస్టైరీన్‌ను కరగించును. రెజిన్ పోసిన కొద్ది నిమిషములలోనే రంధ్రము క్రింద నురుగు కరగి గుహ ఏర్పడును. పైన అతుకు చక్కగానే కనబడును, క్రింద ఆధారముండదు. మరుసటి దినము దానిపై కాలు పడినప్పుడు చర్మము విరుగును. రూపాయి ఖర్చులో పోవు గాయము పలకనే తినివేయును.

ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. అది థర్మోకోల్‌ను కరగించదు. అందుచేత థర్మోకోల్ గర్భముగల పలకలకు ఎపాక్సీయే తగినది. కొన్ని పలకలలో, ముఖ్యముగా అలలపై ఆడు సర్ఫింగు పలకలలో, పాలియురిథేన్ నురుగు ఉండును. దానికి పాలియెస్టర్ హాని చేయదు. నురుగు ఏదో తెలియనిచో రంధ్రము అంచునుండి ఒక పలుకు తీసి చూడవలెను. పూసలు పూసలుగా విడిపోయినచో అది థర్మోకోల్. ఆ పలుకును ఒక చుక్క పాలియెస్టర్ రెజిన్‌లో వేసి చూచినను తెలియును: థర్మోకోల్ ఐనచో కుంచించుకొని కరగిపోవును. సందేహము తీరనిచో ఎపాక్సీ వాడుటయే క్షేమము. అది రెండు నురుగులకును పనికివచ్చును.

ఎపాక్సీ రెజిన్లు 1930, 1940 దశకములలో స్విట్జర్లండులో పియెర్ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ చేసిన కృషివలన రూపొందినవి. 1946లో వెలువడిన అరాల్డైట్ అను జిగురు ఆ కుటుంబమునకు చెందినదే. నీటి గొట్టముల కారుడు ఆపుటకు హార్డ్‌వేర్ దుకాణములలో దొరకు ఎమ్‌సీల్ కూడ ఎపాక్సీ ముద్దయే. గాజు గుడ్డ అందుబాటులో లేనప్పుడు సన్నని చిల్లికి అది తాత్కాలికముగా పనికివచ్చును.

కొలతలో మెలకువ

ఎపాక్సీ రెండు డబ్బాలలో వచ్చును: ఒకటి రెజిన్, రెండవది హార్డెనర్. రెజిన్ అణువులకు రెండేసి చేతులు, హార్డెనర్ అణువులకు నాలుగేసి చేతులు ఉన్నవని ఊహించుకొనవచ్చును. ఇవి చేతులు కలిపి అన్నివైపుల అల్లుకొన్నప్పుడు గట్టి జాలము ఏర్పడును. చేతుల లెక్క సరిపోవలెను. హార్డెనర్ ఎక్కువైనను, తక్కువైనను, జత దొరకని చేతులు మిగిలి అతుకు జిగటగానో మెత్తగానో ఉండిపోవును.

పాలియెస్టర్ విషయము వేరు. దానిలో నూటికి 1 లేక 2 పాళ్ళు కలుపు పెరాక్సైడ్ చర్యను ప్రారంభించునది మాత్రమే. కొంత హెచ్చించినచో త్వరగా గట్టిపడును. ఆ అలవాటుతో ఎపాక్సీలో హార్డెనర్ హెచ్చించినచో పని త్వరపడదు, చెడిపోవును. డబ్బాపై ఇచ్చిన నిష్పత్తియే ప్రమాణము. ఆ నిష్పత్తి బరువుకు చెప్పినదో, ఘనపరిమాణమునకు చెప్పినదో తప్పక చూడవలెను. రెండు ద్రవముల సాంద్రతలు వేరు గనుక ఒకదానికి బదులు మరియొకటి పనికిరాదు. కలిపిన తరువాత పాత్ర అంచులను, అడుగును గీకుచు కనీసము 2 నిమిషములు నిదానముగా త్రిప్పవలెను.

ఈ చర్య ఉష్ణమోచకము. లోతైన గిన్నెలో ఉన్న ముద్ద తన వేడితో తానే త్వరపడి పొగలు గ్రక్కవచ్చును. వెడల్పాటి పళ్ళెములో పలుచగా పరచినచో వేడి బయటికి పోవును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో రసాయన చర్యా వేగము ఇంచుమించు రెట్టింపగును. 25 డిగ్రీల వద్ద 30 నిమిషములు పనికివచ్చు మిశ్రమము 35 డిగ్రీల వద్ద 15 నిమిషములకే గట్టిపడుట మొదలిడును. 40 డిగ్రీలు దాటు కంగ్టి వేసవి మధ్యాహ్నమున ఈ పని పెట్టుకొనరాదు. ఉదయపు వేళ మంచిది.

అతుకు వేయుట

దెబ్బతిన్న చోట వదులైన పెచ్చులను చాకుతో తీసి, చుట్టు ఒక అంగుళము మేర 80 నంబరు గరుకు కాగితముతో రుద్దవలెను. కాగితపు నంబరు పెరిగినకొలది గరుకు తగ్గునని గుర్తుంచుకొనవలెను. రుద్దునప్పుడు అంచు నిట్టనిలువుగా కాక, పళ్ళెపు అంచువలె ఏటవాలుగా దిగవలెను. అప్పుడు పాత చర్మములోని బలము క్రొత్త అతుకులోనికి కొంచెము కొంచెముగా ప్రసరించును. నిలువు అంచు వద్ద ఐనచో బలమంతయు ఒక గీతపై పడి అతుకు లేచిపోవును. రుద్దుటవలన మురికి, నూనె, పాత మెరుపు పోయి క్రొత్త తలము బయటపడును. అంటుకొను వైశాల్యము పెరుగును. ధూళిని తుడిచి, స్పిరిట్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడువవలెను. అసిటోన్ వాడరాదు; అది థర్మోకోల్‌ను కరగించును.

గుంట లోతుగా ఉన్నచో థర్మోకోల్ ముక్కను సరిగా కోసి కూర్చవలెను. మిగిలిన సందులను ఎపాక్సీలో అతి చిన్న గాజు బుడగల పొడిని కలిపిన లప్పముతో నింపవలెను. ఈ పొడివలన లప్పము తేలికగా ఉండును, తరువాత రుద్దుటకు సులభముగా ఉండును. మందముగా ఒకేసారి నింపినచో వేడి పుట్టి చుట్టునున్న నురుగును కరగించును. కావున పొరలు పొరలుగా నింపవలెను.

లప్పము గట్టిపడిన తరువాత దానిని చదునుగా రుద్ది, గాజు గుడ్డను రెండు గుండ్రని ముక్కలుగా కోయవలెను. మొదటిది గాయముకంటె కొంచెము పెద్దది. రెండవది దానికంటెను పెద్దది. ఆ చోట ఎపాక్సీ పూసి, మొదటి ముక్క పరచి, కుంచెతో నొక్కి తడుపవలెను. తెల్లని గుడ్డ క్రమముగా కనబడకుండ పోవును. ఇది ఒక చక్కని కాంతి పాఠము. గాజు నారల నడుమ గాలి ఉన్నంతవరకు, గాజునకు గాలికి వక్రీభవన గుణకములు వేరగుటచే కాంతి చెదరి గుడ్డ తెల్లగా కనబడును. గాలి స్థానమున ఎపాక్సీ చేరినచో, దాని గుణకము ఇంచుమించు గాజు గుణకముతో సమానము గనుక, కాంతి చెదరక సాగిపోవును. ఇంకను తెల్లగా ఉన్న చుక్కలు గాలి మిగిలిన చోట్లు. వానిని కుంచెతో అదిమి తొలగించవలెను. ఎక్కువైన రెజిన్‌ను తుడిచివేయవలెను. బలము గాజు నారది; రెజిన్ దానిని పట్టి ఉంచునది మాత్రమే.

రెండవ ముక్కను కూడ ఇట్లే పరచి, పైన పాలిథీన్ కాగితము కప్పి చదును చేయవలెను. పాలిథీన్ తలమునకు ఎపాక్సీ అంటుకొనదు. మరునాడు సులభముగా ఊడివచ్చును.

రంగు ఎందుకు?

మరునాడు అతుకుపై కొంత జిడ్డు తేలి ఉండవచ్చును. దానిని నీటితో కడిగి, ఆరిన తరువాతనే రుద్దవలెను. 120 నంబరుతో ప్రారంభించి, 320, 600 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి రుద్దుచు అంచును పాత చర్మములో కలిపివేయవలెను. రుద్దుట అతిగా జరిగి గాజు నారలు తెగరాదు.

పై రంగును కేవలము అలంకారమని భావించుట పొరపాటు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు ఎపాక్సీ గొలుసులను త్రెంచి పసుపుబారజేయును, పొడిపొడిగా రాలజేయును. రంగు ఆ కిరణములను అడ్డును. పాలియురిథేన్ రంగు ఇందులకు మంచిది. రంగు తడిగా ఉన్నప్పుడు ఒక చాయ, ఆరిన తరువాత మరియొక చాయ కనబడును. గనుక ముందుగా ఒక మూల చిన్న మచ్చ వేసి, ఆరిన పిమ్మట పోల్చి చూడవలెను. ఒక మందపు పూతకంటె రెండు మూడు పలుచని పూతలు మేలు. రంగు నాటికి ఆరినను, ఎపాక్సీ పూర్తి బలము పొందుటకు మామూలు వేడిమిలో సుమారు 7 దినములు పట్టును. అంతవరకు పలకను నీటిలో దింపరాదు.

గాలి నింపిన పలకల మాట

గాలి నింపి వాడు పలకలును ఉన్నవి. వానిలో నురుగు లేదు, రెండు పి.వి.సి. తలములను వేల దారములు లోపల పట్టి ఉంచును. వానికి ఎపాక్సీ పనికిరాదు. అది గట్టిది, గాలి తీసి చుట్టినప్పుడు పగిలి ఊడిపోవును. పి.వి.సి. ముక్కను పి.వి.సి.కి తగిన జిగురుతో, ముక్కకును పలకకును రెండు వైపుల పూసి, జిగురు సూచించినంత సేపు ఆరనిచ్చి అతికించవలెను. ఇక్కడను సూత్రము ఒక్కటే: పదార్థమును బట్టి చికిత్స.

పనివాని రక్షణ

పలకను కాపాడుట ఎంత ముఖ్యమో, దానిని బాగుచేయు చేతులను కాపాడుట అంతకంటె ముఖ్యము. హార్డెనర్ మాటిమాటికి చర్మమునకు తగిలినచో దద్దురులు వచ్చును. ఒకసారి శరీరమునకు పడకపోయిన తరువాత కొంచెము తగిలినను బాధించును. చేతితొడుగులు తప్పనిసరి. తగిలినచో సబ్బుతో కడుగవలెను. థిన్నరుతో తుడిచినచో అది మందును చర్మములోనికి చేర్చును. గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి రుద్దినచో ధూళి లేవదు, మూతికి తగిన మాస్కు ఉండవలెను. పాలియెస్టర్‌తో వాడు పెరాక్సైడ్ ఒక్క చుక్క కంటిలో పడినను చూపు పోవచ్చును. పడినచో వెంటనే నీటితో ఎడతెగక కడుగుచు వైద్యుని వద్దకు పోవలెను. దానిని కోబాల్టు ద్రవముతో నేరుగా కలుపరాదు; ప్రేలుడు సంభవించును. ఈ పనులను పిల్లలు పెద్దల సమక్షములోనే చూడవలెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగములు

ఉపాధ్యాయులు మూడు చిన్న ప్రయోగములు చూపవచ్చును. మొదటిది: గాజు పాత్రలో కొంచెము అసిటోన్ పోసి థర్మోకోల్ ముక్క వేసినచో అది నురుగుచు కుంచించుకొనిపోవును. మంట దగ్గర లేకుండ, కిటికీలు తెరచి, ఉపాధ్యాయుడే చేయవలెను. పలకలో పాలియెస్టర్ చేయు హాని దీనివలన కండ్లకు కట్టును. రెండవది: బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిసరిన్‌లో ముంచినచో మునిగిన భాగము కనబడకపోవును. గాజు గుడ్డ మాయమగుటకు కారణము తెలియును. మూడవది: విరిగిన అంచులుగల థర్మోకోల్ ముక్కను తూచి, రాయి కట్టి ఒక వారము నీటిలో ముంచి, పైతడి తుడిచి మరల తూచవలెను. తరువాత నీడలో ఆరబెట్టుచు ప్రతిదినము తూచి గ్రాఫు గీయవలెను. గీత చదునగు దినమే అది ఆరిన దినము.

కంగ్టి విద్యార్థికి తెడ్డు పలక ఎప్పుడు కనబడునో చెప్పలేము. కాని థర్మోకోల్ తెప్ప, ఫైబర్ తొట్టి, తారు పూసిన పుట్టి కనబడుచునే ఉండును. వానిపై ఆధారపడి దినము గడుపు కుటుంబములు ఉన్నవి. లోతు నీటిపై ఉన్న మనిషికి ఆధారము ఆ పలుచని చర్మమే. మరమ్మతు ఎంత బాగుగా జరిగినను ప్రాణరక్షక జాకెట్టు విడువరాదు. చిరుగును తడిగా ఉండగా మూయకుండుట, లోపల ఏమున్నదో తెలియక మందు వేయకుండుట — ఈ రెండు నియమములను పాటించినవాడు పుట్టిని, పలకను సమానముగా బాగుచేయగలడు.